జాంజిబారు తీరమున సంగీత ఋణము

హిందూమహాసముద్రమున, తూర్పు ఆఫ్రికా తీరమునకు చేరువగా నున్న జాంజిబారు ద్వీపమునకు విశ్రాంతికై పోవువారు సాధారణముగా ఉత్తరమున నుంగ్వీ, కెండ్వా గ్రామముల యొద్దనో, తూర్పున పాజే యొద్దనో దిగి, తెల్లని యిసుకయు పచ్చని నీరును చూచుచు వారము గడిపి, తిరుగు ప్రయాణమునాడు మాత్రము ప్రాచీనమైన స్టోన్‌టౌను వీథులలో ఒకపూట తిరిగి, లవంగముల పొట్లములు కొనుక్కొని విమాన మెక్కుదురు. అట్టి విశ్రాంతిని నేను తప్పుపట్టను; ఏడాది పొడవునను పనిలో నలిగిన మనుష్యునకు సముద్రము చేయు నుపకారము చిన్నది కాదు. కాని ఫిబ్రవరి మాసమున ఆ ద్వీపముననే యుండియు, స్టోన్‌టౌను కోటలో జరుగు ‘సౌతీ జా బుసారా’ సంగీతోత్సవమునకు పోక తీరముననే పడియుండుట గొప్ప భాగ్యమును కాలదన్నుకొనుటయే యని నా విశ్వాసము. అంతకన్న ముఖ్యముగా, ఆ ద్వీపసౌందర్యము వలన లాభపడువారందరును, అనగా యాత్రికులును, హోటళ్ల యజమానులును, ప్రభుత్వమును, ఆ ద్వీపపు సంగీతమునకు ఋణపడియున్నారనియు, ఆ ఋణము సరిగా తీరుటలేదనియు చెప్పదలచినాను.

ఈ యుత్సవము మొదటిసారి 2004లో జరిగినది. పోర్చుగీసువారిని వెడలగొట్టిన ఒమాను అరబ్బులు పూర్వము పోర్చుగీసుల ప్రార్థనాలయమున్న చోటనే కట్టిన కోట దీనికి ప్రధాన రంగస్థలము. చుట్టును ఎత్తైన పగడపురాతి గోడలు, నడుమ ఆకాశము క్రింద విశాలమైన బయలు. ఉత్సవారంభమున వీథుల గుండ ఊరేగింపు సాగును. దానిని చూచుటకు ఎవరును పైకము చెల్లింపనక్కరలేదు. పిమ్మట రాత్రులలో ఖండము నలుమూలల నుండి వచ్చిన గాయకులును వాదకులును ఒకరి వెనుక నొకరు వేదిక నెక్కుదురు: పశ్చిమాఫ్రికా కోరా తంత్రులు మ్రోగిన చోటనే టాంజానియా నడిభాగపు గోగో జనుల ఇలింబా వాద్యము పలుకును, దారెస్సలాము పేటలలో పుట్టిన సింగెలీ సంగీతము ఉద్ధృతవేగముతో వచ్చి మీదపడును. నిర్వాహకులు పట్టిన నియమమొకటి కలదు. వేదికపై వినవచ్చు ప్రతి స్వరమును అచ్చటనే, ఆ క్షణముననే పుట్టవలెను. రికార్డు వేసి పెదవులు కదుపుటకు చోటు లేదు. అట్లు కదుపుటయే గానమని చెలామణియగుచున్న యీ కాలమున ఈ నియమము నొక్కదాని కొరకైనను వారికి నమస్కరింపవచ్చును. స్థానికులకు టిక్కెట్టు ధర విదేశీయుల ధరకన్న చాల తక్కువ గావున, ఇది పరదేశీయులకై పరచిన ప్రదర్శనము గాక, ఊరివారి పండుగగానే నిలిచియున్నది.

జాంజిబారు సంగీతమును గాలి నిర్మించినదన్నను అతిశయోక్తి కాదు. డిసెంబరు మొదలు మార్చి వరకు ఈశాన్యము నుండి వీచు కస్కాజీ గాలిపై అరేబియా నుండియు, మన గుజరాతు నుండియు తెరచాప ఓడలు దిగివచ్చి, పిమ్మట దక్షిణము నుండి లేచు కూసీ గాలికై నెలల తరబడి వేచియుండి మరలిపోవుచుండెడివి. సరకులతోడనే పాటలును దిగుమతి యయ్యెను. 1870 మొదలు 1888 వరకు ఏలిన సుల్తాను బర్ఘష్ ఈజిప్టు వాదకులను ఆస్థానమునకు రప్పించుటయే గాక, కానూను వాద్యము నేర్చుటకై ఒక యువకుని కైరో నగరమునకు పంపెనని చెప్పుదురు. తారబ్ అను సంగీతము అచ్చట అట్లు వేరూనెను. 1905లో స్థాపితమైన ఇఖ్వానీ సఫా సంఘమువారు దానిని పోషించిరి. అయినను ఆ గానము చాలకాలము అరబ్బీ భాషలో, ధనికుల మందిరములలో, పురుషుల నోటనే యుండెను.

దానిని స్వాహిలీ భాషలో పాడి పేదల వాకిటికి తెచ్చిన మహాగాయని సితి బింతి సాద్. ఫుంబా గ్రామమున బీదయింట పుట్టి, కుండలమ్ముకొని బ్రతికిన ఆ స్త్రీ, 1928లో సముద్రము దాటి మన బొంబాయి నగరమునకు వచ్చి, గ్రామఫోను కంపెనీవారికి పాటలు పాడి యిచ్చినది. స్వాహిలీ గానము ఆ రికార్డులపై తూర్పు తీరమంతటను వ్యాపించినది. ఒక స్త్రీ హత్యకు గురికాగా, హంతకుడు తప్పించుకొనిపోయి, సాక్ష్యము చెప్పవచ్చినవారే శిక్షింపబడిన వృత్తాంతమును ఆమె పాటగా పాడెను. పరప్రభుత్వపు న్యాయస్థానమున దొరకని న్యాయము ఆ పాటలో జనులకు దొరికినది. మన నాటకములును, తొలి సినిమా పాటలును గ్రామఫోను రికార్డులపై ఊరూర మ్రోగిన కాలము తెలిసిన తెలుగు పాఠకునకు ఈ కథ పరాయిదిగా తోచదని నమ్ముచున్నాను.

ఆ కోటలో తారబ్ వినిన రాత్రి నేను గమనించిన దొక్కటి చెప్పవలెను. వయొలిన్లును, అకార్డియనును, కానూనును ఏకమై రాగము నెత్తుకొనగా, గాయని ఒక చరణమును పాడి ముగించునంతలో శ్రోతలలోనుండి స్త్రీలు లేచి, తాళమునకు అనుగుణముగా మెల్లగా అడుగులు వేయుచు వేదిక యొద్దకు పోయి ఆమె చేతిలో నోటు నుంచి మరలివచ్చుచుండిరి. మన పల్లెలలో హరికథకును బుర్రకథకును జరిగెడి చదివింపులు జ్ఞప్తికి వచ్చినవి. ఆ చరణము తన జీవితమును తాకినదని లేచినవారు సభ యెదుట ఒప్పుకొనుచున్నారు. పాటకు వారు సాక్షులగుచున్నారు. అట్టి శ్రోతల నడుమ కూర్చుండినపుడు విదేశీయుడు సైతము ప్రేక్షకుడుగా మిగిలిపోడు.

ఈ ఉత్సవవేదికపై పలుమారులు పాడిన గాయని బీ కిడూడే 2013 ఏప్రిలు 17న కన్నుమూసినది. ఆమె పుట్టిన సంవత్సరము ఆమెకే నిశ్చయముగా తెలియదు. యుక్తవయస్కలగు బాలికలకు స్త్రీలు రహస్యముగా బోధించు ఉన్యాగో సంస్కారములో ఆమె ఆచార్యురాలు. ఆ సంస్కారపు మద్దెలను నడుమునకు కట్టుకొని, ముదిమి మీరిన వయస్సున లోకమంతట తిరిగి, 2005లో ప్రపంచసంగీతమునకై యిచ్చు వోమెక్స్ పురస్కారము నందినది. సుల్తానుల ఆస్థానములకు చెందని ఈ మద్దెలధ్వనిలో ఖండము నడుమ నుండి ఆ దీవికి బానిసలుగా కొనితేబడిన జనుల స్మృతి యున్నది. వారిని అమ్మిన అంగడి 1873లో మూతపడినది. ఆ స్థలమున నేడు క్రైస్తవ దేవాలయ మున్నది. కోట నుండి అచ్చటికి నడచియే పోవచ్చును.

విశ్రాంతికై వచ్చినవానికి ఇంత చరిత్రయు, ఇంత ధ్వనియు నేల యని అడుగువారు కలరు. మనస్సునకు విశ్రాంతి నిచ్చునది నిశ్శబ్ద మొక్కటియే కాదు. పరిచితమైన చింతలను మరపించు అపరిచితమైన లయ అంతకన్న ఎక్కువ విశ్రాంతి నీయగలదు. రాత్రి రెండుజాములు పాట విని, మరునాడు పగలెల్ల సముద్రము నొడ్డున నిద్రించినవానికి రెండును దక్కును. హోటళ్లవారు భోజనవేళ ఈతకొలను ప్రక్కన అరగంటసేపు మద్దెలు వాయింపించుట సంగీతసేవ కాదు. పళ్లెముల చప్పుడులో మునిగిన ఆ వాద్యమును ఎవరును వినరు, వాయించువానికిని తాను వినబడుటలేదని తెలియును.

ఇక ఋణము మాట. 2016లో తగినంత ధనము సమకూరనందున ఈ యుత్సవము జరుగలేదు. 2017లో మరల జరిగినది. తారబ్ విద్యను నేర్పుటకు 2002లో స్థాపితమైన ధౌ కంట్రీస్ సంగీత విద్యాలయము సైతము మూతపడు దశకు వచ్చి, దాతలను అర్థింపవలసివచ్చెను. కోట ప్రక్కనే యున్న, 1883లో కట్టిన ‘అద్భుతసౌధము’ 2020 డిసెంబరులో కొంతభాగము కూలినపుడు లోకమంతయు వార్త వ్రాసినది. రాయి కూలినపుడు అందరికిని కనబడును, పాట ఆగినపుడు కనబడదు. 2024 అక్టోబరు నుండి ద్వీపమునకు వచ్చు విదేశీయుడు 44 డాలర్ల ప్రయాణబీమా తప్పక కొనవలెనని అచ్చటి ప్రభుత్వము నియమించినది. యాత్రికుని దేహరక్షణకై అంత వసూలు చేయగలిగినవారు, అందులో పదియవ వంతైనను సంగీత విద్యాలయమునకును, ఉత్సవమునకును ప్రత్యేకముగ కేటాయింపుడని కోరుట అన్యాయము కాదు. విదేశీ దాతల అనుగ్రహముపై ఏటేట ఎదురుచూచుట ఏ దేశపు కళకును శాశ్వతమైన ఆధారము కాజాలదు.

ప్రభుత్వము చేయువరకు యాత్రికుడు ఊరకుండనక్కరలేదు. జాంజిబారు పోదలచిన మన తెలుగువారు ప్రయాణమును ఫిబ్రవరిలో, ఉత్సవదినములు చూచుకొని నిర్ణయించుకొనవలెను. ఆ దినములలో తీరపు హోటలును విడిచి స్టోన్‌టౌనులోనే బస చేయవలెను. ఒక రాత్రికి గాక అన్ని రాత్రులకును టిక్కెట్టు తీసికొనవలెను, మొదటి రాత్రి చెవికి కొత్తగా తోచిన తారబ్ మూడవ రాత్రికి గాని వశము కాదు గనుక.