అటక మీది ఇత్తడి బిందె



పోయిన వేసవిలో ఒక శనివారము ఉదయము మేము విజయనగరములో మా సంఘస్థుల ఇంటికి కుటుంబ ప్రార్థన నిమిత్తము వెళ్ళాము. మూడవ అంతస్తులో రెండు గదుల అద్దె వాటా అది. మెట్ల దగ్గరకు వచ్చేసరికి పాత సామాను కొనే వ్యాపారి త్రాసు కొక్కేనికి పెద్ద ఇత్తడి బిందె ఒకటి వ్రేలాడుతోంది. ప్రక్కనే రెండు కంచు కంచములు, ఒక మరచెంబు, ఒక రేకు ట్రంకు పెట్టె ఉన్నాయి. ఆ ఇంటి అబ్బాయి తూకము చూస్తున్నాడు. అతని తల్లి క్రింది మెట్టు మీద కూర్చొని వీధి వైపు చూస్తోంది.

“ఏమిటమ్మా ఇది?” అని అడిగితే ఆమె నవ్వింది.

“ఏటి సెప్పమంటారు అయ్యగారూ! నాకూ ఆ బిందెకూ ఈ ఇంట్లో సోటు సాలడం నేదు” అంది.

కోడలు చెడ్డ పిల్ల కాదు, ఆ మాట ముందే చెప్పాలి. ఉద్దానము పిల్ల, పనిమంతురాలు, అత్తగారికి వేళకు అన్నము పెట్టే మనిషి. అయితే ఆమె ఫోనులో కొన్ని గదుల బొమ్మలు చూసింది. పాతకాలపు జమీందార్ల ఇళ్ళలో వలె బంగారు అంచు అద్దము, పువ్వుల గుడ్డ వేసిన సోఫా, మూలన ఇత్తడి కూజా, పసుపు వెలుతురు. దానిని ఇప్పుడు ‘వింటేజ్’ అంటున్నారు. అటువంటివే విశాఖపట్నములో ఒక దుకాణములో చూసి వచ్చి, వాయిదాల మీద తెచ్చుకొందామని భర్తను ఒప్పించింది. హాలు చూస్తే పది అడుగులకు పన్నెండు అడుగులు. సోఫాకు చోటు చేయాలంటే అటక ఖాళీ కావాలి. అనగా దుకాణములోని పాత ఇత్తడి కొనడానికి ఇంటిలోని పాత ఇత్తడిని కిలోల లెక్కన అమ్ముతున్నారన్నమాట! మేము ఆ మాట అనేసరికి ముందు ఆ అబ్బాయి, తరువాత కోడలు నవ్వేశారు. వ్యాపారి ఒక్కడే నవ్వలేదు.

వారిని తప్పు పట్టే అర్హత మాకూ లేదు. ఇరవై ఏళ్ళ క్రితము ఒక సంఘము నుండి మరొక సంఘమునకు బదిలీ అయినప్పుడు, లారీలో బరువు తగ్గుతుందని మా అమ్మ కంచు కంచములు నాలుగు తూకానికి ఇచ్చేశాము. ఆ డబ్బుతో ప్లాస్టిక్ కుర్చీలు కొన్నాము. ఆ కుర్చీల కాళ్ళు ఎప్పుడో విరిగిపోయాయి. ఒక కంచము అడుగున మా తాతగారి పేరు చెక్కి ఉండేది. ఇప్పుడు అది ఎక్కడ ఏ కొలిమిలో కరిగిందో!

ఆ బిందె సంగతి అడిగితే, తన పెళ్ళి సారెతో బుడితి నుండి వచ్చిందని పెద్దమ్మ చెప్పింది. బుడితి శ్రీకాకుళం జిల్లా సారవకోట మండలములోని ఊరు. అక్కడి ఇత్తడి, కంచు పనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. రాగిలో జింకు కలిస్తే ఇత్తడి, తగరము కలిస్తే కంచు. ఇత్తడి క్రింద పడితే సొట్ట పడుతుంది, కంచు పగులుతుంది. అందుకే మన పెద్దవారు కంచు కంచమును చంటిపిల్లవానిలా రెండు చేతులతో పట్టుకొనేవారు. కొత్తగా కొనేవారికి ఒక మాట: దుకాణానికి వెళ్ళేటప్పుడు చిన్న అయస్కాంతము ముక్క జేబులో వేసుకోండి. ఇత్తడికి అది అంటుకోదు. అంటుకొందంటే లోపల ఇనుము ఉందన్నమాట, పైన పూత మాత్రమే. పాతదిగా కనబడేటట్లు మసి పూసి అమ్మేవారూ ఉన్నారు.

ఇంతకూ ఆ రోజు త్రాసు దిగింది, బిందె మేడ ఎక్కింది. తరువాత నాలుగైదు శనివారములు ఆ ఇంటివారు చేసుకొన్న పని మేము దగ్గరుండి చూశాము, అక్కడక్కడ చెయ్యి కూడా వేశాము. ఇరుకు ఇళ్ళవారు అనేకులు మమ్మును అడుగుతూ ఉంటారు గనుక ఇక్కడ వ్రాస్తున్నాము.

ముందు ట్రంకు పెట్టె. తుప్పు పోయేవరకు ఉప్పు కాగితముతో రుద్ది, తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరిన తరువాత రెడాక్సైడు ఒక పూత వేశారు. దాని మీద ముదురాకుపచ్చ ఎనామిల్ రంగు రెండు పలుచని పూతలు. ఒకేసారి మందముగా వేస్తే రంగు కారి చారలు కడుతుంది, ఎండను బట్టి ఒక రోజు ఆగాలి. మూలలకు, తాళపు రేకుకు సన్నని కుంచెతో బంగారు రంగు. పైన పాత దూది పరుపు కత్తిరించి కుట్టిన మెత్త. లోపల దుప్పట్లు, పైన ముగ్గురు కూర్చొనే బల్ల! సోఫా మాట ఆ రోజుతో ముగిసింది. వాయిదాలూ తప్పాయి.

కిటికీ తెర కొరకు బజారుకు వెళ్ళబోతుంటే పెద్దమ్మ తన మూట విప్పి పొందూరు పంచె ఒకటి తీసి ఇచ్చింది. అది చనిపోయిన ఆమె భర్తది. పొందూరు నేత సంగతి మీలో కొందరికి తెలిసే ఉంటుంది. అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, ఆ తరువాత సన్నని నూలు తీస్తారు. గాంధీగారు మెచ్చిన ఖద్దరు అది. కోడలు ఆ పంచెను చేతిలో పట్టుకొని చాలాసేపు నిలబడింది గాని కత్తెర తీయలేదు. “పెట్టిలో ఉంటే సిమ్మటలు తినేస్తాయమ్మా, గాలికి ఆడితే నాను రోజూ సూసుకుంతాను” అని అత్తగారే అంది. చివరకు కత్తిరించకుండానే, పైన మడత కుట్టి కర్ర దూర్చారు. చిరిగిన పట్టుచీర జరీ అంచును క్రింద కలిపి కుట్టారు. పడమటి ఎండ దానిలో నుండి వచ్చేటప్పుడు గది అంతా తేనె రంగుగా మారుతుంది. ఫోనులోని బొమ్మలలో కోడలు చూసిన వెలుతురు అదేనట.

అద్దము పాత చెక్క బీరువా తలుపుది. కిటికీకి ఎదురుగా పెడితే వెలుతురు రెండింతలై గది పెద్దదిగా తోస్తుంది. అయితే అద్దె ఇల్లు, గోడకు మేకు కొట్టవద్దని యజమాని ముందే చెప్పాడు. అందుచేత ట్రంకు పెట్టె వెనుక నేల మీద నిలబెట్టి, పైభాగమును ప్రక్క కిటికీ ఊచలకు గట్టి త్రాడుతో కట్టారు. ఇంటిలో చిన్నపిల్లవాడు ఉన్నాడు, ఈ త్రాడు మాత్రము మరువకూడదు. పాత చెక్క ఏదైనా ఇంటిలోకి తెచ్చే ముందు తట్టి చూడండి. చిన్న బెజ్జముల నుండి కొత్తగా పొట్టు రాలుతుంటే పురుగు ఇంకా లోపలే ఉంది. మందు పెట్టి, ఎండలో ఉంచి, పొట్టు రాలడము ఆగిన తరువాతనే లోపలికి తేవాలి. లేకపోతే ఇంటివారి తలుపులు కూడా పోతాయి.

పాత హరికేన్ లాంతరులో కిరసనాయిలు పోయకుండా, బ్యాటరీతో వెలిగే చిన్న పసుపు దీపము పెట్టారు. వైర్ల పని ఎవరికి వారు చేసుకోవద్దని మా మనవి.

గోడ అరకు వాడిన పలక సంగతి చెప్పాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానము మీద విరుచుకుపడినప్పుడు జీడి, కొబ్బరి, పనస చెట్లు నేలకొరిగాయి. ఈ అమ్మాయి కన్నవారి పెరటిలోని పనస చెట్టు కూడా ఆ రాత్రే పడింది. ఆమె పుట్టినప్పుడు నాటిన చెట్టు. తండ్రి దానిని వంటచెరకుకు ఇవ్వకుండా పలకలు కోయించి అటక మీద దాచాడు. ఆ పలకలలో ఒకటి బస్సు పైన కట్టించుకొని విజయనగరము తీసుకొని వచ్చాడు. మేకు కొట్టకూడదు గనుక రెండు ఇటుక దొంతరల మీద పెట్టారు. దాని మీద పెళ్ళికి వచ్చిన చిన్న బొబ్బిలి వీణ పెట్టారు, నాలుగేళ్ళుగా పెట్టెలోనే ఉన్న బహుమానము. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసేదీ పనస కర్రతోనే. ప్రక్కన పిల్లవాని ఏటికొప్పాక బొమ్మలు. అంకుడు కర్ర తిరుగుతుండగా ఆ రాపిడి వేడికే లక్క కరిగి రంగు పట్టుకొంటుంది. చెట్ల నుండి తీసిన రంగులతో ఆ పనిని నిలబెట్టిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. పిల్లవాడు నోటిలో పెట్టుకొనే బొమ్మకు ఎటువంటి రంగు వేశారో తల్లి తప్పక అడగాలి.

ఇక బిందె. చింతపండు, ఉప్పు కలిపి పెద్దమ్మే తోమింది. మా ఆవిడ సహాయము చేయబోతే ఒప్పుకోలేదు. తోమిన వెంటనే పొడిగుడ్డతో తుడవాలి, తడి ఉంటే మరకలు పడతాయి. మన సముద్రపు గాలికి ఇత్తడి త్వరగా నల్లబడుతుంది గనుక, అలంకరణకు ఉంచినదానికి రెండు చుక్కల కొబ్బరినూనె గుడ్డకు అద్ది పట్టిస్తే కొన్ని రోజులు ఆగుతుంది. వంటకు వాడే ఇత్తడికైతే కళాయి తప్పనిసరి, కళాయి లేనిదానిలో పులుసు కాయకూడదు. గుమ్మము ప్రక్కన బిందె పెట్టి, ఊరి నుండి తెచ్చిన వరికంకుల కుచ్చు అందులో నిలబెట్టారు. బిందె నడుమున ఒక సొట్ట ఉంది. సరిచేయిస్తామని కొడుకు అంటే, “వద్దు బాబూ, అది మీ నాన్న నూతిలో వదిలేసిన్నాటిది” అంది ఆమె.

పోయిన నెల మరల వెళ్ళాము. పెద్దమ్మ ట్రంకు పెట్టె మీద దర్జాగా కూర్చొని ఉంది. క్రింది వాటాల వారు ఇద్దరు వచ్చి బిందె ఎక్కడ కొన్నారని అడిగి వెళ్ళారట. గది చూడముచ్చటగా ఉంది, ఒక్క టీవీ పైన మాత్రము ఎర్రని ప్లాస్టిక్ పూలగుత్తి మెరుస్తోంది. ఇది ఎందుకు ఉంచావమ్మా అని కోడలిని మెల్లగా అడిగాము.

“నేను తీసేశాను అయ్యగారూ, అత్తమ్మే మళ్ళీ పెట్టారు. జాతరలో కొన్నారట, అది ఉండాల్సిందేనంటున్నారు” అంది.