కడుపు మనది, కాగితం చదివే హక్కూ మనదే!

కూలి మానుకొని పట్నం పోయిన మన ఆడబిడ్డ స్కానింగు గదిలోంచి ఒక కాగితం పట్టుకొని బయటికొస్తది. దాని నిండా ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు. ఏమైందమ్మా అంటే "బిడ్డ బరువు తక్కువంట" అని కండ్లనీళ్లు పెట్టుకుంటది. ఎంత తక్కువ, ఎందుకు తక్కువ అని అడిగితే "చెప్తే నీకు అర్థమయితదా?" అని కసురుకుంటరు. తరతరాలు మనకు అక్షరం అంటనియ్యలేదు. ఇప్పుడు మన కడుపులో బిడ్డ లెక్క కూడా అంటనియ్యరా?

ఆ అక్షరాల్లో బ్రహ్మరహస్యమేమీ లేదు. బీపీడీ అంటే బిడ్డ తల అడ్డం కొలత. హెచ్‌సీ తల చుట్టుకొలత. ఏసీ పొట్ట చుట్టుకొలత. ఎఫ్‌ఎల్ తొడ ఎముక పొడుగు. వీటితో లెక్కగట్టి బరువు అంచనా వేస్తారు. మిషను బిడ్డను తక్కెట్లో పెట్టి తూచదు. ఆ అంచనా నూటికి 10, 15 పాళ్లు అటూఇటూ అవుతుంది. కాగితం మీద 2,500 గ్రాములంటే పుట్టే బిడ్డ 2,200 ఉండొచ్చు, 2,800 ఉండొచ్చు.

వారాల లెక్కా అంతే. మూడు నెలల్లోపు తల నుంచి పిర్రల దాకా కొలిచి చెప్పిన తేదీ గట్టిది. తొమ్మిదో నెల కొలతతో చెప్పే తేదీ రెండు మూడు వారాలు తప్పొచ్చు. అక్కలారా, మొదటి కాగితం పారెయ్యకండి!

చాలా మిషన్లలో ఉండే హాడ్‌లాక్ లెక్క 1980లలో అమెరికాలోని హ్యూస్టన్‌లో కట్టింది. నాట్లేసే మన తల్లులను కొలిచి కట్టింది కాదు. అట్లని "మీ వాడోళ్ల బిడ్డలు చిన్నగనే పుడతరు" అంటే మేం ఒప్పుకోం. తల్లికి చాలని తిండి, లేని రక్తం, నెలలు నిండేదాకా కూలి, ఇవి మన పుట్టుక గుణం కాదు, మనకు జరిగిన అన్యాయం.

ఏసీ వెనకబడి, రెండు వారాల తర్వాత చూసినా సరిగా పెరగకపోతే అది నిజంగా ప్రమాదం. అప్పుడు డాప్లర్‌తో బొడ్డుతాడులో రక్తం పారకం చూడాలి. బిడ్డ కదలిక తగ్గితే మాత్రం ఏ స్కానింగు కోసమూ ఆగొద్దు, ఆ పూటే ఆసుపత్రికి పోవాలి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60 కాన్పులు కోతలే. ప్రైవేటులో 81. అవసరమైన ఆపరేషన్‌ను మేం వద్దనడం లేదు. ఒక్క అంకె చూపి భయపెట్టి సంతకం పెట్టించుకోవడాన్ని నిలదీస్తున్నాం.

సర్కారు దవాఖానలో గర్భిణికి స్కానింగు ఉచితమని 2011లోనే జననీ శిశు సురక్ష పథకం చెప్పింది. అది భిక్ష కాదు. ఆడా మగా అని అడగొద్దు, 1994 చట్టం ప్రకారం అది నేరం. కానీ తల ఎంత, పొట్ట ఎంత, పోయినసారి కంటే పెరిగిందా అని అడగాలి. తెలుగులో చెప్పమనాలి. చెప్పకుంటే పదిమందిమి పోయి అడుగుదాం.

కొలిచేది మన బిడ్డను. లెక్క మనకే చెప్పాలి!