నీకొక్కదానికేనా వాసన?

గల్ఫ్ ఫ్లైట్‌లో ఆవకాయ వాసన వస్తే మాకు కంగారుండేది కాదు. విమానం పైకెళ్లాక క్యాబిన్‌లో గాలి ఒత్తిడి 6 వేల నుంచి 8 వేల అడుగుల కొండమీద ఉన్నంతకు తగ్గుతుంది. సీసాలో గాలి ఉబ్బి, నూనెను మూత సందులోంచి తోసేస్తుంది. నాలుగు టిష్యూలు, పక్కసీటాయనకు రెండు సారీలు, అంతే.

ఇరవై రెండేళ్లు క్యాబిన్ క్రూగా పనిచేశాను. ట్యాక్సీవే మీద ముందు విమానం వెనక ఆగితే కిరసనాయిలు వాసన. నవంబరులో ఢిల్లీకి దిగుతుంటే వరి దుబ్బులు కాలిన పొగ. వీటికి భయపడేదేమీ లేదు. బయటిగాలే కదా మరి లోపలికొచ్చేది!

ఆ గాలి వచ్చే దారే నా బాధ. చాలా జెట్ విమానాల్లో మనం పీల్చే గాలిని ఇంజిన్ కంప్రెసర్ నుంచే తీసుకుంటారు. బోయింగ్ 787 లాంటిది మినహాయింపు, దానికి విడిగా కరెంటు కంప్రెసర్లున్నాయి. ఇంజిన్‌లో నూనెను ఆపే సీలు ఎక్కడైనా సడలితే, ఆ నూనె వేడికి ఆవిరై గాలితో పాటు వచ్చేస్తుంది. తడిసి మురిగిన సాక్సుల వాసన. ఒకసారి తగిలితే మరిచిపోలేరు. పదేపదే పీలిస్తే దీర్ఘకాలంలో జబ్బు చేస్తుందా అన్న వాదన ఇంకా తెగలేదు. అప్పటికప్పుడు తల తిరగడం, గొంతు మండడం మాత్రం నేను పడ్డవే.

మొదటిసారి చెప్పినప్పుడు మా సూపర్‌వైజర్ అడిగాడు: "నీకొక్కదానికేనా అమ్మా? నీ సెంటేమో చూసుకో." నేలమీద తనిఖీ చేస్తే ఏమీ దొరకలేదు. దొరకదు. ఇంజిన్ వేగం మారినప్పుడు, కిందికి దిగడం మొదలుపెట్టినప్పుడు గుప్పుమని, నిమిషాల్లో పోయే వాసన హ్యాంగర్‌లో ఎక్కడుంటుంది? పైగా విమానంలో గాలి ఎండిపోయి ఉంటుంది, తేమ తరచూ 20 శాతం లోపే. ముక్కు సగం మొద్దుబారే చోట కూడా తెలిసిందంటే, అది నా సెంటు కాదు.

1998 సెప్టెంబరు 2న న్యూయార్క్ నుంచి జెనీవా బయల్దేరిన స్విస్‌ఎయిర్ 111లో పైలట్లకు ముందు తెలిసింది వాసనే. ఏసీదేమో అనుకున్నారు. నిజానికి కాక్‌పిట్ పైకప్పు వెనక మంట రాజుకుంటోంది. ఇరవై నిమిషాలకు కెనడా తీరంలో సముద్రంలో కూలి 229 మంది పోయారు. వెంటనే మళ్లించినా రన్‌వే చేరేంత వ్యవధి లేదని దర్యాప్తు తేల్చింది, కాబట్టి ఆ పైలట్లను నేనేమీ అనను. అనుభవమున్నవాళ్లకు కూడా 'ఏసీలే' అనిపించడం ఎంత సులువో చూడండి.

టాయిలెట్‌లో దొంగచాటు సిగరెట్టును పట్టే పరికరం ఉంది. మేం గంటల తరబడి నిలబడే చోట నూనె ఆవిరిని పట్టేది చాలా విమానాల్లో లేదు. అది పెట్టాలి. పెట్టేదాకా, వాసన వచ్చిందని క్రూ చెబితే టైము, ఏ వరుస, విమానం ఎక్కుతోందా దిగుతోందా రాసుకోవాలి. ఏమీ దొరకలేదని ఆ కాగితం మూసేయకూడదు.

నేను సొంతంగా ఒక నోటుబుక్కులో రాసుకునేదాన్ని. అందులో ఒకే విమానం నంబరు మూడుసార్లుంది. మూడుసార్లూ దిగేటప్పుడే, మూడుసార్లూ వెనక గ్యాలీలోనే.