శొంఠి కేక్ మనది కాదంటే ఎలా?

మన ఈ-మ్యాగజైన్‌లో ప్రతి సంక్రాంతికీ అరిసెల మీద ఒక వ్యాసం, ఉగాదికి పచ్చడి మీద ఒక కవిత తప్పకుండా వస్తాయి. మంచిదే, నేనూ చదువుతాను. ఈసారి డిసెంబర్ సంచిక కదా, కేక్ గురించి రాస్తానంటే మా క్లబ్‌లో ఒక ఫ్రెండ్ నవ్వాడు. "తెలుగు క్లబ్‌లో కేక్ ఏంట్రా, అది వాళ్ళది కదా" అన్నాడు. వాడు చెడ్డ ఉద్దేశంతో అనలేదు. కానీ ఆ "వాళ్ళది" అన్న మాట దగ్గర నాకు అభ్యంతరం ఉంది. అందుకే రాస్తున్నాను. ఇంగ్లీష్ మీడియం సరుకుని కాబట్టి ఒత్తులు ఎక్కడైనా జారితే ఎడిటర్ గారు చూసుకుంటారు.

మాది గుంటూరు. మా ఇంట్లో క్రిస్మస్‌కి చేసేది బేకరీల్లో దొరికే ప్లమ్ కేక్ కాదు, శొంఠి కేక్. ఇంగ్లీష్‌లో జింజర్‌బ్రెడ్ అంటారు. పేరులో బ్రెడ్ ఉందని మోసపోకండి. సినిమాల్లో కనిపించే మనిషి బొమ్మ బిస్కెట్ దీనికి చుట్టం మాత్రమే. మాది ముదురు రంగులో, మెత్తగా, వేలికి కొంచెం అంటుకునే కేక్. మైదా, వెన్న, గుడ్లు, బెల్లం పాకం, పుల్ల పెరుగు, వంటసోడా, దాల్చినచెక్క, లవంగాలు, అన్నిటికన్నా ముఖ్యంగా శొంఠి పొడి. అరకిలో మైదాకి రెండు పెద్ద స్పూన్లు, అదీ గోపురంలా. అది మా అమ్మమ్మ కొలత. గొంతులో చురుక్కుమనకపోతే అది కేకే కాదనేది.

అమ్మమ్మ నర్సు. ట్రైనింగ్ రోజుల్లో మిషన్ ఆసుపత్రిలో ఒక అమెరికన్ దొరసాని గారి దగ్గర ఇది నేర్చుకుందట. గుంటూరుకీ అమెరికా లూథరన్ మిషన్‌కీ సంబంధం పాతది, 1842లో వచ్చిన ఫాదర్ హయ్యర్‌తో మొదలైంది. ఆయన పుట్టింది జర్మనీలో. అలాగని ఆయన ట్రంకు పెట్టెలో ఈ రెసిపీ పెట్టుకొచ్చాడని నేను కథ అల్లబోవడం లేదు.

జర్మనీ మాట వచ్చింది కాబట్టి చెప్తాను. అక్కడ న్యూరెంబర్గ్ అనే ఊరు దీనికి ఫేమస్. వాళ్ళు లెబ్‌కూకెన్ అంటారు. 1395 నాటి రికార్డుల్లోనే ఆ ఊళ్ళో దీన్ని చేసేవాళ్ళ ప్రస్తావన ఉంది. చుట్టుపక్కల అడవుల్లో తేనె దండిగా దొరికేది, పైగా ఊరు వర్తకుల దారిలో ఉండేది. సరే, తేనె వాళ్ళదే. మరి మసాలా? ఆ చలిలో అల్లం పండదు, లవంగం పండదు, దాల్చిన పండదు. అన్నీ మన వైపు సముద్రాలు దాటి వెళ్ళాల్సిందే. మలబార్ తీరంతో ఈ మసాలా వర్తకం రోమన్ల కాలం నాటిది. "జింజర్" అన్న మాట కూడా సంస్కృతంలో శృంగవేరం, ప్రాకృతంలో సింగివేరంగా మొదలై గ్రీకు, లాటిన్ మీదుగా ఇంగ్లీష్‌కి చేరింది. వస్తువూ మనదే, దాని పేరూ మనదే.

నిజం చెప్పాలంటే ఈ వాదన నాకే పూర్తిగా నచ్చదు. కొంచెం సాగదీస్తే "ప్రపంచంలో అన్నీ మన దగ్గరే పుట్టాయి" అనే వాట్సాప్ ఫార్వర్డ్ అయిపోతుంది. మిరపకాయ అమెరికా ఖండాల్లో పుట్టింది, పోర్చుగీసు వాళ్ళ ఓడల్లో మన దేశానికి వచ్చింది. అది మాది కాదని గుంటూరు మిర్చి యార్డు గేటు దగ్గర నిలబడి ఒక్కసారి అని చూడండి. తరతరాలుగా ఎవరి వంటింట్లో ఉడుకుతుందో, ఎవరి నాలుకకి తగ్గట్టు మారుతుందో, ఆ వంట వాళ్ళది.

మా కేక్ మారిన తీరు చూడండి. దొరసాని గారి రెసిపీలో మొలాసిస్ ఉండేది, చెరకు రసంలోంచి పంచదార తీసేశాక మిగిలే నల్లటి పాకం. దానికి పులుపు గుణం ఉంటుంది. సోడాతో కలిస్తే గ్యాస్ పుట్టి కేక్ పొంగుతుంది. గుంటూరులో మొలాసిస్ ఎక్కడ తెస్తారు? అమ్మమ్మ బెల్లం వేసింది. బెల్లంలో ఆ పులుపు చాలదు, కేక్ ఇటుకలా వచ్చింది. రెండుసార్లు ఇటుకలు తిన్నాక పుల్ల పెరుగు కలపడం మొదలుపెట్టింది. శొంఠికీ లెక్క ఉంది. అల్లం ఎండేటప్పుడు అందులోని జింజరాల్ కొంత షోగాల్‌గా మారుతుంది, దాని ఘాటు ఎక్కువ. బాలింతకి శొంఠి పెట్టే ఇళ్ళల్లో ఈ ముక్క ఎవరూ నేర్పక్కర్లేదు. ఇక ఓవెన్ లేని రోజుల్లో పిండి ఇంట్లో కలిపి, టిన్నులు రిక్షాలో పెట్టుకుని బేకరీకి తీసుకెళ్ళి కాల్పించుకొచ్చేవారు. ఏ టిన్ను ఎవరిదో తెలియడానికి మీద పేరు రాసిన కాగితం. ఆ తర్వాత కుక్కర్‌లో ఇసుక పోసి, విజిల్ తీసేసి. ఇప్పుడు ఓటీజీ.

డాలస్‌లో ఉన్న మా పిన్నికి అక్కడ అసలైన మొలాసిస్ సూపర్ మార్కెట్లోనే దొరుకుతుంది. దానితో చేసి చూసింది. "బాగుంది గానీ మన కేక్ కాదే" అని ఫోన్ చేసి బెల్లం ఎంత వేయాలో అమ్మని అడిగింది. మనది, వాళ్ళది అన్న చర్చ ఇక్కడితో ముగించొచ్చు అనుకుంటా. మా వీధిలో సంక్రాంతికి మాకొచ్చే గిన్నెలే క్రిస్మస్‌కి ఈ కేక్ ముక్కలతో తిరిగి వెళ్తాయి. గుడ్డు తినని పక్కింటి మామ్మగారికి మాత్రం కజ్జికాయలు.

అసలు గొడవ వేరే ఉంది. అమ్మమ్మ పోయాక ఈ పనంతా అమ్మ మీద పడింది. అమ్మ టీచర్. డిసెంబర్ అంటే దిద్దాల్సిన పేపర్లు, ఇల్లు దులపడం, రాత్రిపూట క్యారల్స్ వాళ్ళు వస్తే టీలు, అరిసెలకి బియ్యం నానబెట్టడం. వీటన్నిటి మీద మూడు కిలోల మైదా కేక్. పోయినేడు నుంచి కుడి భుజం నొప్పి. నవంబర్‌లో ఫ్యామిలీ గ్రూప్‌లో మెసేజ్ పెట్టింది, "ఈసారి కేక్ ఆర్డర్ పెట్టేద్దాం" అని. అంతే, అందరూ లేచారు. మావయ్య "అక్కా, అమ్మ గుర్తుగా మిగిలింది అదొక్కటే" అన్నాడు. బావ ఏడుపు ఎమోజీలు పెట్టాడు. నాన్న "ట్రెడిషన్ పోగొట్టకూడదు" అన్నారు. వీళ్ళల్లో ఒక్కరూ ఏనాడూ గరిటె పట్టలేదు. చిన్నప్పటి నుంచీ శొంఠి దంచే డ్యూటీ నాది కాబట్టి ఈ మాట అనగలుగుతున్నాను.

మనం ట్రెడిషన్ అని పిలిచేవాటిలో చాలావాటికి ఇదే సెటప్. చేసేవాళ్ళు ఒకళ్ళు, పొగిడేవాళ్ళు ఇంకొకళ్ళు. మన సంక్రాంతి వ్యాసాలు మళ్ళీ తీసి చూడండి. అమ్మ చేతి కమ్మదనం ఉంటుంది, అమ్మ చేతి నొప్పి ఉండదు.

అమ్మ అడిగిందాంట్లో తప్పేం లేదు. షాపు కేక్‌ని తీసిపారేయడానికీ లేదు. 1883లో కేరళలోని తలశ్శేరిలో మాంబల్లి బాపు అనే బేకరీ ఆయన, ఒక ఇంగ్లీష్ దొర తెచ్చిచ్చిన కేక్‌ని చూసి చేసిందే మన దేశంలో మొదటి క్రిస్మస్ కేక్ అని చెబుతారు. అంటే ఇక్కడ దీని కథ మొదలైందే బేకరీలో. నా బాధల్లా మా కేక్ ఏ షాపులోనూ దొరకదనే. రెసిపీ ఎక్కడా రాసి లేదు. పాకం ఎప్పుడు దించాలో అమ్మ వాసన చూసి చెబుతుంది. మన సీఎస్ భాషలో చెప్పాలంటే డాక్యుమెంటేషన్ లేని కోడ్, ఒక్కరే మెయింటైనర్. ఒక్క ఏడాది ఆపితే ఇక మళ్ళీ మొదలవదని నా భయం.

అందుకే గ్రూప్‌లో ఒక ప్రపోజల్ పెట్టాను. కేక్ కావాలన్నవాళ్ళు వచ్చి చేయాలి, అమ్మ కుర్చీలో కూర్చుని చెప్పాలి. రాలేమంటే ఆర్డర్ పెట్టుకుందాం, కానీ అప్పుడు ఎవరూ ట్రెడిషన్ మాట ఎత్తకూడదు. నా సెమ్ పరీక్షలు 20న అయిపోతాయి, 21 ఆదివారం. ఈ కేక్ నాలుగు రోజులు డబ్బాలో ఊరితే రుచి పెరుగుతుంది కాబట్టి 25కి సరిగ్గా సరిపోతుంది. పాకం దగ్గర మావయ్య. పిండి కలపడం బావ, రోజూ జిమ్‌కి వెళ్తాడు కదా, ఆ చేతులు ఇప్పుడైనా పనికొస్తాయి. నేను శొంఠి దంచి, ప్రతిదీ వేసేముందు తూకం వేసి రాసుకుంటాను. గిన్నెలు కడగడం నాన్నకి.

మావయ్య, బావ సరే అన్నారు. నాన్నకి బ్లూ టిక్ పడి మూడు రోజులైంది, రిప్లై ఇంకా రాలేదు.