ఉత్ప్రేరకానికి తొలిరోజు మార్కులు చాలవు

బెంగళూరు నగర్తపేటలో మాది కంసాలి పని ఇల్లు. మా చిన్నాన్న తెల్లబంగారంలో పల్లాడియం కలిపేవాడు, నగ పూర్తయ్యాక రోడియం పాలిష్ వేయించేవాడు. పనిగది ఊడ్చిన దుమ్మును మాత్రం పారేయనిచ్చేవాడు కాదు. దాన్ని పోగుచేసి, కాల్చి, కరిగించి లోహం రాబట్టేవారు. ఇప్పుడు కాలేజీలో రసాయనశాస్త్రం చెబుతూ లిగ్నిన్‌ను ఇంధన నూనెగా మార్చడం మీద పరిశోధనా పత్రాలు చదివినప్పుడల్లా నాకు ఆ దుమ్ము లెక్కే గుర్తొస్తుంది. రుథేనియంతోనో పల్లాడియంతోనో మొదటిసారి ఎంత నూనె దిగిందో వాటిలో ఘనంగా రాస్తారు. అదే ఉత్ప్రేరకం యాభయ్యోసారికి ఏమైందో చెప్పేవి నాకు అరుదుగా కనిపిస్తున్నాయి.

చెక్కకు గట్టిదనం ఇచ్చేది లిగ్నిన్. ఎండు చెక్కలో సుమారు నాలుగో వంతు అదే. ఒంగోలు, నందిగామ వైపు రైతులు పెంచే సుబాబుల్ సారపాక, రాజమహేంద్రవరం లాంటిచోట్ల కాగితపు మిల్లులకు చేరుతుంది. ఇలాంటి మిల్లుల్లో కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్‌లతో చెక్కను ఉడికించి గుజ్జు తీస్తారు. మిగిలిన, లిగ్నిన్ కరిగి ఉన్న నల్లద్రావణాన్ని బాయిలర్లో మండించి ఆవిరి, కరెంటు, వాడిన సోడా తిరిగి రాబట్టుకుంటారు. దాన్ని వృథా అనడం అన్యాయం, అది లేకపోతే మిల్లు నడవదు. కానీ అందులో కొంత భాగాన్నైనా పక్కకు తీయొచ్చు. ఎందుకంటే లిగ్నిన్ నిండా బెంజీన్ వలయాలే, విమానాలకు అవి కావాలి. ఇంధన వ్యవస్థలోని రబ్బరు సీళ్లు కాస్త ఉబ్బి బిగుతుగా ఉండేది వాటివల్లనే. అందుకే కృత్రిమ ఇంధనం కలిపిన మిశ్రమంలోనూ అవి కనీసం 8 శాతం ఉండాలని ప్రమాణం పెట్టారు. అంతర్జాతీయ విమానాల ఇంధనంలో 2027కి 1 శాతం, 2028కి 2 శాతం సుస్థిర ఇంధనం కలపాలన్నది మన దేశ లక్ష్యం. దగ్గరికొచ్చేసింది.

ఉత్ప్రేరకం చేయాల్సిన పని సున్నితమైనది. వలయం చెదరకూడదు, దాన్ని పట్టుకున్న ఆక్సిజన్ మాత్రం పోవాలి. బంధాలు తెంచడం కష్టం కాదు. తెగిన ముక్కలు వెంటనే ఒకదానికొకటి అతుక్కుని మరింత మొండి తారుగా మారడమే చిక్కు. 2016లో స్విట్జర్లాండ్‌లోని లోజాన్ పరిశోధకులు చెక్క నుంచి లిగ్నిన్ తీసేటప్పుడే ఫార్మాల్డిహైడ్ కలిపి ఆ అతుకును ఆపారు. అందమైన ఆలోచన. అయితే మిల్లు నుంచి వచ్చే లిగ్నిన్‌లో ఆ అతుకులు అప్పటికే పడిపోయి ఉంటాయి. పైగా గంధకం ఉంటుంది. అది నికెల్, పల్లాడియం పైపొరను కప్పేసి పనికిరాకుండా చేస్తుంది. శుద్ధమైన నమూనా మీద గెలిచిన ఉత్ప్రేరకం ఇక్కడ చతికిలబడేది అందుకే.

గంధకాన్ని తట్టుకునేవి మనకు కొత్తవి కావు. చమురు శుద్ధి కర్మాగారాలు దశాబ్దాలుగా కోబాల్ట్, నికెల్ చేర్చిన మాలిబ్డినం సల్ఫైడ్‌ను వాడుతున్నాయి. నా మాట ఇదే: మన ప్రజాధనం ముందు ఆ దారిలో ఖర్చు కావాలి. మా ఊరి ఐఐఎస్సీ అయినా, హైదరాబాద్ ఐఐసీటీ అయినా, లిగ్నిన్ ఇంధనానికి నిధులు అడిగితే మిల్లు నల్లద్రావణం నుంచి తీసిన లిగ్నిన్ మీదే పరీక్షించాలని షరతు పెట్టాలి. వందల గంటలు నడిపాక ఎంత చురుకు మిగిలింది, ఎంత బొగ్గు పేరుకుంది, ఎంత లోహం కరిగిపోయింది, ఎంత తిరిగి దక్కింది అన్నవి నివేదికలో ఉండాలి. మిల్లులు కూడా నమూనాలు అడిగిన విశ్వవిద్యాలయానికల్లా, చిన్న ఊరి కాలేజీకైనా సరే, డబ్బు అడక్కుండా ఇవ్వాలి.