పాట వింటూ రాసిన నవల

విమానం హాంబర్గ్‌లో దిగుతుంది. స్పీకర్లలోంచి బీటిల్స్ బాణీ. అంతే, ముప్ఫయ్యేడేళ్ల వతనబె తల పట్టుకుని కూర్చుంటాడు. ఎప్పుడో దూరమైన అమ్మాయి గుర్తొచ్చింది మరి!

జపాన్ రచయిత హరుకి మురకామి 1987 నాటి నవల ఇలా మొదలవుతుంది. పేరూ ఆ పాటదే... 'నార్వేజియన్ వుడ్'.

రేడియోలో పాప్ పాటలు వింటూ పెరిగిన కుర్రాడాయన. 1974లో భార్యతో కలిసి టోక్యోలో జాజ్ కెఫే పెట్టారు. రాత్రి అది కట్టేశాక వంటగది బల్ల దగ్గర రాసిందే తొలి నవల. 1981లో ఆ కెఫేనీ అమ్మేశారు. బాగా నడుస్తున్న వ్యాపారం, చేతిలో ఉన్నవేమో రెండు చిన్న నవలలు! స్నేహితులు వద్దన్నా వినలేదు.

'నార్వేజియన్ వుడ్' రాసేటప్పుడు వాక్‌మన్‌లో బీటిల్స్ ఆల్బమ్ ఒకటి సుమారు 120 సార్లు విన్నారట. కథ చివర్లో ఆ అమ్మాయి చనిపోతుంది. స్నేహితురాలు గిటార్ పట్టి, ఆమె కోసం వరసగా యాభై పాటలు వాయిస్తుంది. అందులో ఆ పాటా ఉంది.