బాసర వంతెన మీది అందం ఎవరి లెక్కలో ఉంది?

నిజామాబాద్‌లో రైలెక్కితే జానకంపేట, నవీపేట, ఫకీరాబాద్ దాటినంక గోదావరి వంతెన వస్తుంది. రైలు వంతెన మీదికి రాంగనే డబ్బాలో ఉన్నోళ్లంతా కిటికీల దిక్కు జరుగుతరు. ముసలమ్మలు కొంగుముడి విప్పి రూపాయి బిళ్ల తీసి గంగలో వేసి దండం పెట్టుకుంటరు. పిల్లలు కేకలు పెడతరు. వానలు పడి ప్రాజెక్టు నిండిన రోజుల్లో అయితే కనుచూపు మేరా నీళ్లే. సికింద్రాబాద్ దిక్కు పోతే ఇందల్వాయి, సిర్నాపల్లి నడుమ అడవి, గుట్టలు. ఇంత అందమైన లైను మా దిక్కు ఇంకోటి లేదని నేనూ ఒప్పుకుంటాను. అందం మీద మనకు తగాదా లేదు. తగాదా అంతా లెక్క దగ్గరే.

బాసర దగ్గర కిటికీలోంచి కనపడే ఆ నీళ్లు మా పోచంపాడు కట్టకు ఆగిన నీళ్లు. 1963 జూలై 26న నెహ్రూ వచ్చి ఈ ప్రాజెక్టుకు పునాదిరాయి వేశాడు. కట్ట లేచింది, 42 గేట్లు లేచినయి, నీళ్లు వెనక్కి తన్ని బాసర దాకా పోయినయి. ఆ నీళ్ల కింద ఊర్లున్నయి. ఊరు అంటే గుడి, గడి, పటేల్ ఇల్లు మాత్రమే కాదు కద. ఊరి చివర మాలవాడ, మాదిగవాడ కూడా మునిగినయి. అప్పుడు నడిచింది 1894 నాటి భూసేకరణ చట్టం. అది భూమికి ఖరీదు కడుతుంది, ఇంటికి ఖరీదు కడుతుంది. ఆ భూమిలో తరతరాలుగా చాకిరీ చేసి బతికినోని చాకిరీకి ఖరీదు కట్టే మాట ఆ చట్టంలో లేదు. పట్టా లేనోడు మునిగినా మునిగినట్టు లెక్క కాదు. కిటికీ పక్కన కూసున్నోనికి నీళ్లు కనపడతయి, నీళ్ల కింద ఏమున్నదో చెప్పేటోడు లేడు.

అసలు ఈ లైను సంగతే చూద్దాం. 1874లో వాడి నుంచి హైదరాబాదుకు రైలు వచ్చింది. ఆ తర్వాత పాతికేళ్లకు, 1899 నుంచి 1901 లోపల, హైదరాబాద్–గోదావరి వ్యాలీ రైల్వే పేరుతో సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ దాకా మీటర్ గేజ్ లైను పరిచారు. మన ఇందూరు మీదుగా, నాందేడ్, పర్భణీ, జాల్నా, ఔరంగాబాద్ మీదుగా అది పోతుంది. మన్మాడ్‌లో బొంబాయి లైను కలుస్తుంది. సరిగ్గా అవే సంవత్సరాల్లో మరాఠ్వాడాను పెద్ద కరువు మింగింది. రైలు చరిత్ర రాసినోళ్లు నిజాం పేరు, కంపెనీ పేరు, మైళ్లు, ఖర్చు అన్నీ రాశారు. సిర్నాపల్లి సంస్థానం ఏలిన శీలం జానకీబాయి పేరు జనం ఇప్పటికీ చెప్పుకుంటరు. మరి మట్టి తవ్వినోళ్లు ఎవరు? కంకర కొట్టి, తట్టలు మోసి, కట్ట పోసినోళ్లు ఎవరు? వాళ్ల పేరు ఏ రాయి మీద చెక్కారు?

బోధన్ లైను కథ కూడా ఇంతే. 1931 నాటికి నిజాంసాగర్ పూర్తయింది, కాలువ కింద చెరుకు పచ్చబడ్డది. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టారు. జానకంపేట నుంచి బోధన్‌కు కొమ్మ లైను వేశారు. చక్కెర బస్తాలు రైలెక్కినయి. చెరుకు కొట్టి చేతులు కోసుకున్న కూలీకి శక్కర్‌నగర్ పేరులోని తీపి ఎంత దక్కింది? 2002లో ఫ్యాక్టరీని ప్రైవేటుకు అప్పజెప్పారు, 2015 డిసెంబర్‌లో లేఆఫ్ అని గేటుకు తాళం వేశారు. రైతుకు చెరుకు పోతే వరి ఉంది. ఫ్యాక్టరీలో రోజుకూలీ చేసినోనికి ఏముంది?

అయితే రైలు మనకేమీ ఇయ్యలేదా? ఇచ్చింది. దాన్ని దాచిపెడితే అది కూడా తప్పుడు లెక్కే. మా తాత మొదటిసారి రైలెక్కినప్పుడు బల్ల ఖాళీగా ఉన్నా తలుపు దగ్గర కింద కూసున్నాడట. ఊర్లో అదే అలవాటు. దొర ముందర చెప్పులు చేతిలో పట్టుకొని నడిచిన మనిషి. టికెట్ బాబు వచ్చి, “పైసలిచ్చి టికెట్ కొన్నవ్ కద, పైన కూసో” అన్నాడట. అంతే. మా తాత చచ్చేదాకా ఆ ముచ్చట చెప్పిండు. వంతెన ముచ్చట, గంగ ముచ్చట ఎన్నడూ చెప్పలేదు. ఊరి హోటల్లో మనకు వేరే గ్లాసు, వేరే జాగా. రైల్లో పక్కనోడు కులం అడుగుతడు, మొఖం ముడుచుకుంటడు, కాని లేచిపో అనే హక్కు వానికి లేదు. ఈ లైను మీద నాకు ప్రేమ ఎందుకంటే అందుకే.

చూడటానికి పోయినా కులం వెంట వచ్చిన సంగతి బాబాసాహెబ్ స్వయంగా రాశారు. 1934లో ముప్పై మంది దాకా తోటివాళ్లతో వేరుల్ గుహలు చూడటానికి ఆయన బయల్దేరారు. ఈ మన్మాడ్ లైను పక్కనే ఉన్న దౌలతాబాద్ కోట దగ్గర ఆగారు. దుమ్ము కొట్టుకుపోయిన ముఖాలు, కాళ్లు బయటి హౌజులో కడుక్కున్నారు. అంటరానోళ్లు నీళ్లు మైల చేశారని గుంపు మీదికొచ్చింది. చివరికి లోపల ఎక్కడా నీళ్లు ముట్టొద్దని షరతు పెట్టి, వెంట తుపాకీ సిపాయిని ఇచ్చి కోట చూడనిచ్చారు. బారిస్టర్ చదివి, రౌండ్ టేబుల్ సమావేశాల్లో మాట్లాడి వచ్చిన మనిషికి జరిగిన మర్యాద ఇది! ఆ కోటకు కూతవేటు దూరంలోని ఔరంగాబాద్‌లోనే 1950లో ఆయన పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ కాలేజీ తెరిచింది. ముఖం కడుక్కోనియ్యని చోట ఆయన చదువు పెట్టారు.

ఇంకో సంగతి మన పిల్లలకు తెల్వదు. మీటర్ గేజ్ రోజుల్లో కాచిగూడ నుంచి జైపూర్‌కు మీనాక్షి ఎక్స్‌ప్రెస్ ఉండేది. నిజామాబాద్ మీదుగా పూర్ణా, అకోలా, ఖండ్వా దాటి మహూ పోయేది. 1891 ఏప్రిల్ 14న బాబాసాహెబ్ పుట్టిన మహూ అదే. ఇందూరులో ఎక్కినోడు బండి మారకుండా ఆయన పుట్టిన ఊర్లో దిగేటోడు. పెద్ద లైన్లు వచ్చినయి, ఆ బండి పోయింది. మహూ పక్కన పాతాల్‌పానీ ఘాటులో మాత్రం 2018 డిసెంబర్ నుంచి హెరిటేజ్ రైలు నడిపిస్తున్నరు, జలపాతం చూపించడానికి. చూపించనీ, వద్దనం. జనం బండి పోయినప్పుడు కూడా అంతే శ్రద్ధ ఉంటే బాగుండేది.

ఇక రైలు శుభ్రత. ఏండ్ల తరబడి డబ్బాల కింద పట్టాల మీద పడ్డ మలాన్ని ఎత్తిందెవరు? రైల్వేలో ఆ పనికి ఏ కులపోళ్లు దొరికారో అడగనక్కర లేదు. చేతులతో మలం ఎత్తించొద్దని 2013లో చట్టం వచ్చింది, తర్వాత డబ్బాలకు బయో టాయిలెట్లు వచ్చినయి. స్టేషన్ ఫోటో అందంగా రావాలంటే దాని వెనక ఎవరి చేతులున్నయో కూడా యాది పెట్టుకోవాలె.

ఇదంతా ఇప్పుడెందుకు? ఆదిలాబాద్ నుంచి నిర్మల్ మీదుగా ఆర్మూర్‌కు రైలు కావాలని ఏండ్ల నుంచి అడుగుతున్నం. అడగాల్సిందే. పెద్దపల్లి–నిజామాబాద్ లైనుకు 1993లో పి.వి. నరసింహారావు పునాదిరాయి వేస్తే పూర్తయ్యేసరికి 2017 వచ్చింది. కాని ఆ లైనుతోనే ఆర్మూరుకు రైలు కూత వినపడ్డది. రేపు నిర్మల్ లైను వస్తే అది మన దిక్కు గోదావరి దాటాలె. మళ్లీ ఒక అందమైన వంతెన లేస్తుంది. ఈసారి లెక్క ముందే రాయించుకుందాం.

2013 భూసేకరణ చట్టం పాత చట్టం లెక్క కాదు. సర్కారు ఇచ్చిన లావుణి పట్టా భూమి పోతే ఆ కుటుంబం నష్టపోయిన కుటుంబమే. మూడేండ్ల ముందు నుంచి ఆ భూమి మీదనే ఆధారపడి బతుకుతున్న కౌలుదారు, కూలీ కూడా నష్టపోయిన కుటుంబమే. రైల్వే చట్టం కింద భూమి తీసుకున్నా 2015 నుంచి ఈ చట్టంలోని పరిహారం, పునరావాసం వర్తిస్తయి. కాని కాగితం లేకపోతే చట్టం కళ్లకు మనం కనపడం. అందుకే సర్వే రాళ్లు పాతకముందే ప్రతి ఊర్లో పని మొదలుపెట్టాలె. లావుణి పట్టాలు తీసి చూడండి, తాత పేరు మీదనే ఉంటే వారసుల పేర్లు ఎక్కించమని దరఖాస్తు పెట్టండి. ఎవరి పొలంలో ఎవరు ఎన్నేండ్లుగా కౌలు, కూలీ చేస్తున్నరో వాడవాడలా రాయండి. ఉపాధి హామీ కార్డులు జాగ్రత్త పెట్టుకోండి. గ్రామసభలో చదివించి తీర్మానం రాయించండి.

రేపు ఆ వంతెన మీద మన పిల్లలు కూడా కిటికీ దిక్కు జరిగి నీళ్లు చూడాలె. మా తాత లెక్క తలుపు దగ్గర కింద కూసొని కాదు, బల్ల మీద కూసొని. “ఈ కట్ట కింద మా భూమి ఉండె, లెక్క కట్టించుకొని ఇచ్చినం” అని చెప్పుకోవాలె.